పెంట గుమ్మము బాగుచేసినవాడు
(వాక్యభాగము: నెహెమ్యా 3:14)



యెరూషలేము ప్రాకారము బాగుచేసినవారి పేర్లు ఈ అధ్యాయములో వరుసగా ఉన్నవి. ఊరి చెత్త బయటకు పోయే పెంట గుమ్మము ఎవరి వంతుకు వచ్చింది? రేకాబు కుమారుడైన మల్కీయాకు. అతడు కూలివాడు కాడు, బేత్‌హక్కెరెము ప్రదేశమునకు అధిపతి. ఈ వచనమును మనము ఎన్నిసార్లు చదివి దాటిపోయామో! మా మందిరము వెనుక గదిలో సింకు పొంగినప్పుడు గాని అది మాకు అర్థము కాలేదు.

బాప్తిస్మపు తెల్లబట్టలు, ప్రభు బల్లగుడ్డలు ఉతికేది ఆ గదిలోనే. వాషింగ్ మిషను కొన్న తరువాత దాని గొట్టమును సింకులోనికి వేలాడదీశాము. మిషను నీళ్లు ఒక్కసారిగా వదులుతుంది. కింది పైపు ఒకటిన్నర అంగుళములదే. నీళ్లు అంచు దాటి నేలమీదికి వచ్చేవి. స్త్రీల సమాజపు అక్కలు గోనెపట్టా వేసి తుడిచేవారు. నెలల తరబడి నేల తుడిచాము గాని పైపు విప్పి చూడలేదు. ఒకసారి ఆసిడ్ కూడ పోశాము. మీరు ఆ పని చేయవద్దు. అది బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే విషవాయువు పుట్టును.

చివరకు కమిటీలో ఒక మాట వచ్చింది: కాలనీ నుండి ఒక కుర్రవాణ్ణి పిలిచి బయట చాంబరులోనికి దింపుదాము, టీ ఖర్చులకు ఏదైనా ఇద్దాము అని. కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. పరభాషా పట్టణములకు వచ్చిన మన తాతలలో ఎందరు మున్సిపాలిటీ చీపురు పట్టలేదు? ఆ గోతులలోనికి దిగి తిరిగి రానివారిని మనము ఎరుగమా? రక్షణ సామగ్రి లేకుండ మనిషిని మురుగు కాలువలోనికి దింపుట 2013 చట్టము ప్రకారము నేరము. చట్టము రాకముందు కూడ అది దేవుని యెదుట పాపమే.

ఆ శనివారము మా పెద్ద డీకనుగారు లుంగీ ఎగగట్టి సింకు కింద కూర్చున్నారు. బకెట్టు పెట్టి వంపు పైపు మరలు విప్పారు. నూలు పీచు, వెంట్రుకలు, గడ్డకట్టిన సబ్బు, రెండు గుండీలు, ఒక పిన్నీసు బయటపడ్డవి. అన్నీ మా తెల్లబట్టలనుండి పోయినవే. బయటివారు తెచ్చి వేసినది ఒక్కటీ లేదు. కంప్యూటరు ఉద్యోగము చేసే ఒక యౌవనస్థుడు సిగ్గుపడి, "మీకెందుకయ్యా ఈ పని?" అన్నాడు. "మా నాయన బ్రతుకంతా చేసినదే కదా, బాబూ. ఆ తీగ ఇటివ్వు" అన్నారాయన. అతడు తీగ ఇచ్చి, తానూ పక్కన కూర్చున్నాడు.

తరువాత రెండు అంగుళముల పైపు వేయించి, అడుగుకు పావు అంగుళము వాలు ఇప్పించాము. మిషను గొట్టము చివర పాత నైలాను మేజోడు కట్టాము. పీచు అందులో నిలిచిపోతుంది. చాంబరు నిండితే యంత్రపు బండిని పిలుస్తాము, మనిషిని దింపము.

సింకు శుభ్రము చేయువారి వరుస గోడమీద వ్రాసిపెట్టాము. మొదటి పేరు కాపరిగారిది. అక్కల పేర్లు ఈ సంవత్సరము వ్రాయలేదు. వారు చాలినంత తుడిచారు.