పాత వెర్షన్ వాడేవాళ్ళ నిశ్చింత

లినక్స్ వాడేవాళ్ళు స్థూలంగా రెండు రకాలు. కొత్త వెర్షన్ వచ్చిన రోజే వేసుకునేవాళ్ళు, ఏడాది పాతబడితే గానీ ముట్టుకోనివాళ్ళు. నేను రెండో రకం. ఆ మాట కాస్త గర్వంగా చెప్పుకునేదీ ఈ రకమే.

డెబియన్ ఈ రెండు స్వభావాలకీ వేర్వేరు దారులు వేసిపెట్టింది. కొత్త ప్యాకేజీ ముందు అన్‌స్టేబుల్‌లోకి వస్తుంది. కొన్ని రోజుల్లో పెద్ద తప్పులేవీ బయటపడకపోతే టెస్టింగ్‌లోకి వెళ్తుంది. సుమారు రెండేళ్ళకోసారి కొత్తవాటిని రానివ్వకుండా ఆపి, ఉన్నవాటిని సరిదిద్ది, దానికి స్టేబుల్ అని పేరు పెడతారు. విడుదలల పేర్లన్నీ టాయ్ స్టోరీ పాత్రలవి. అన్‌స్టేబుల్ పేరు మాత్రం ఎప్పటికీ సిడ్. ఆ సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పక్కింటి పిల్లాడు!

స్టేబుల్ వాడటాన్ని మనం జాగ్రత్త అంటాం. అయితే ఆ జాగ్రత్త పనిచేసే తీరు చూడండి. ప్యాకేజీ ఆవకాయ కాదు, పక్కన పెడితే ఊరడానికి. ఎవరో దాన్ని తమ మెషీన్‌లో వేసుకుని, అది చెడితే ఓపిగ్గా బగ్ రాసి పంపితేనే బాగుపడుతుంది. అందరూ ఆగితే ఆగినందుకు ఫలితమే ఉండదు. వాగులో ముందు దిగినవాడికి నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గట్టు మీద నిలబడి చూసి, ఆ తర్వాత దిగడం ఇది. అది తప్పని అనను. ఆసుపత్రి సర్వర్‌ని ముందు దింపమని ఎవరంటారు? దాన్ని వివేకం అని పిలుచుకోవడంతోనే నా పేచీ.

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ డెబియన్ సిడ్ మీద ఏవో కొలతలు తీసుకుంటున్నాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోంది. మనమైతే నెట్ స్లో అనుకుని వదిలేస్తాం. ఆయన తవ్వుకుంటూ పోయాడు. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళు కుదించే లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో, ఎస్‌ఎస్‌హెచ్ నడుస్తున్న మెషీన్లలోకి చొరబడటానికి ఎవరో దొంగదారి పెట్టారు. మార్చి 29న ఆ సంగతి బయటపెట్టాడు. అప్పటికి అది సిడ్‌కీ టెస్టింగ్‌కీ వచ్చేసింది, స్టేబుల్‌కి రాలేదు. ఆయన కూడా నాలాగే ఆగి ఉంటే, అదే కోడ్ తర్వాతి స్టేబుల్‌లో, సంతకాలన్నీ సక్రమంగా ఉండి మరీ, నా దగ్గరికి వచ్చి ఉండేదేమో. ప్యాకేజీ మీద సంతకం అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెబుతుంది. వాళ్ళ మనసులో ఏముందో చెప్పదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకోటి. ఆ లైబ్రరీని లాస్సె కొలిన్ అనే ఒక్క మనిషి, జీతం లేకుండా, ఏళ్ళ తరబడి చూసుకుంటూ వచ్చాడు. 2022లో కొన్ని కొత్త పేర్లు ఆయన మీద ఒత్తిడి మొదలుపెట్టాయి. పని నత్తనడకన సాగుతోందని, ఇంకెవరికైనా అప్పగించమని. తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది తీరిక సమయంలో చేసే పనేననీ ఆయన చెప్పాడు కూడా. అయినా ఆ గొంతులు తగ్గలేదు. చివరికి సాయం చేస్తున్నట్టు కనిపించిన జియా టాన్ అనే పేరుకి అధికారాలు దక్కాయి. దొంగదారి పెట్టింది ఆ పేరు మీదే. సణిగిన పేర్లు కూడా బూటకమే అయి ఉంటాయని ఇప్పుడు చాలామంది నమ్మకం.

మరి అప్పుడు ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదు? ఆ సణుగుడు అచ్చం మనదిలాగే ఉంది గనక. "అప్‌డేట్ ఎప్పుడొస్తుంది?", "ఇంకా ఎన్నాళ్ళు?" అని ఉచితంగా చేసిపెట్టేవాణ్ణి నిలదీయడం మనకి ఎంత మామూలైపోయిందంటే, మోసగాడు కొత్త వేషం కట్టాల్సిన పనే లేకపోయింది. స్టేబుల్‌లో ఉన్న నేను కొత్త వెర్షన్ కోసం తొందరపడను, నిజమే. సెక్యూరిటీ ప్యాచ్ ఒక రోజు ఆలస్యమైతే మాత్రం నా గొంతూ అలాగే మోగుతుంది. పాత వెర్షన్‌కి సరిపోయేలా ఆ ప్యాచ్‌ని మళ్ళీ అతికే మనిషి ఒకరున్నారని అప్పుడు గుర్తుండదు.

ఆ ఏడాది మే నెలలో ఎక్స్‌జెడ్ 5.6.2 వచ్చింది, దొంగదారి తీసేసి. విడుదల చేసింది మళ్ళీ లాస్సె కొలినే.