అడుగవలసినదేమో నేర్పు గ్రంథములు

మానవునకు భగవంతుడు రెండు కన్నుల నొసగినాడు. సద్గ్రంథము మూడవ కన్ను. రెండు కన్నులకు వస్తువు కనబడును. మూడవ కంటికి దాని విలువ కనబడును. ఏ గ్రంథమును చదివిన పిదప లోకము మునుపటివలె కనబడదో, ఏ గ్రంథము చదువరి కోరికనే మార్చివేయునో, అదియే పదిమందికి చెప్పదగిన గ్రంథము.

హైదరాబాదు నగరమున మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. నాటినుండి హైటెక్ సిటీ పెరిగి, పరిసరములతో కూడి సైబరాబాదుగా ప్రసిద్ధి గాంచినది. దేశదేశముల పనులు అచ్చట రాత్రింబవళ్ళు సాగుచున్నవి. అచ్చటి యువతీయువకులు దినమంతయు తెరపై అక్షరములనే చూచుచుందురు. ఆ అక్షరములు పని ఎట్లు చేయవలెనో చెప్పును; ఎందులకు చేయవలెనో చెప్పవు. ఉద్యోగము నిలుచునా, ఇంటి అప్పు తీరునా, వీసా వచ్చునా యను చింత వారిని వీడదు. ఆ ఆర్తితోనే పలువురు ఉస్మాన్‌సాగర్ చెంతనున్న చిలుకూరు బాలాజీ సన్నిధికి పోవుదురు. హుండీ లేని ఆ ఆలయమున కోరిక కోరునపుడు 11, అది తీరిన పిదప 108 ప్రదక్షిణములు చేయుట ఆచారము.

కోరుట దోషము కాదు. ఆర్తుడును, అర్థార్థియు భక్తులేయని గీతాచార్యుడు అంగీకరించినాడు. అయితే 108 ప్రదక్షిణములు ముగిసిన మరునాడు స్వామిని ఏమి అడుగవలెను? ఈ ప్రశ్నకు మూడు గ్రంథములు బదులు చెప్పగలవు.

మొదటిది బమ్మెర పోతనామాత్యుని భాగవతము. అందు చతుర్థస్కంధమున ధ్రువోపాఖ్యానము కలదు. సవతితల్లి మాటకు నొచ్చి, అందరికంటె ఉన్నతమైన పదమును కోరి, ఐదేండ్ల బాలుడు తపమొనర్చెను. శ్రీహరి ప్రత్యక్షమై వరమిచ్చెను. కాని మరలివచ్చునపుడు ధ్రువుని మనస్సున తృప్తి లేదు. మోక్షమీయగల స్వామిని నశ్వరమైన దానిని అడిగితినేయని వగచెను. కోరిక తీరిన పిదపనే అది ఎంత చిన్నదో తెలిసినది. సప్తమస్కంధమందలి ప్రహ్లాదుడు ఈ సత్యమును ముందే ఎరిగినవాడు. నృసింహస్వామి వరమిత్తుననగా, హృదయమున కోరికలు మొలకెత్తకుండుటనే వరముగా వేడెను; తన్ను బాధించిన తండ్రి పవిత్రుడగుటను అడిగెను. కొలువున పై మెట్టుకై తపించువారు ఈ రెండు కథలను కలిపి చదువవలెను.

రెండవది ఆముక్తమాల్యద. 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు తన కావ్యమున ఒక మాలదాసరికి ఉన్నతస్థానమిచ్చెను. లోకము దూరముంచిన ఆ భక్తుడు కురుంగుడి స్వామికి పాట పాడ పోవుచు, దారితప్పి బ్రహ్మరాక్షసునకు చిక్కెను. పాడి తిరిగి వత్తునని మాట ఇచ్చి, అట్లే వచ్చెను. అతని పాట ఫలముచేతనే ఆ రాక్షసునకు విముక్తి కలిగెను. ఈ కథ మనస్సున నాటినచో, తెల్లవారకముందే వీధులూడ్చు తల్లిని, భవనద్వారమున నిలుచు కాపలాదారును, వాకిటికి ఆహారపు పొట్లము తెచ్చు యువకుని చూచు చూపు మారును. వారిలో స్వామికి ఎవరెంత దగ్గరివారో ఎవరెరుగుదురు?

మూడవది భగవద్గీత. 1889 ప్రాంతమున లండనులో చదువుచున్న గాంధీజీ, ఇద్దరు సోదరులు కోరగా ఆంగ్లానువాదముతో దానిని మొదటిసారి చదివిరి. పిమ్మట దక్షిణాఫ్రికాలో న్యాయవాదవృత్తి నడుమ తీరిక లేకపోగా, పండ్లు తోముకొను 15 నిమిషములలో ఎదుటి గోడకు అంటించిన శ్లోకములను చూచుచు 13 అధ్యాయములు కంఠస్థము చేసిరి. అపరిగ్రహమను మాట మనస్సును పట్టగా తమ జీవితబీమాను సైతము కొనసాగింపక విడిచిరి. అందరును బీమాను విడువవలెనని దీని భావము కాదు. చదివినది జమాఖర్చుల పుస్తకము వరకు చేరినదని గ్రహింపవలెను.

గ్రంథము చూపును మార్చునను విశ్వాసముతోనే 1901వ సంవత్సరమున హైదరాబాదులో పెద్దలు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. నాడు తెలుగు పుస్తకము దొరకుట కష్టము. నేడు సమయము దొరకుట కష్టము. గాంధీజీకి చాలిన 15 నిమిషములు సైబరాబాదు గృహస్థునకును చాలును. రాత్రి భోజనానంతరము ఒకరు చదువగా బిడ్డలు వినవలెను. ధ్రువోపాఖ్యానముతో ఆరంభింపవచ్చును, పద్యము కష్టమైనచో తాత్పర్యముతో చదువవచ్చును.

అట్టి ఇంటివారు మరల చిలుకూరు పోయినపుడు అవే ప్రదక్షిణములు చేయుదురు. వీసాను సైతము అడుగుదురు గాక. దానితోపాటు, వచ్చినను రాకున్నను స్వామిని విడువని మనస్సును గూడ అడుగుదురు. ఆ రెండవ కోరికయే చదువునకు ఫలము.