కంపైలర్ సంశయం

ప్రోగ్రామర్ రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే కంపైలర్, భాషా నియమాన్ని మీరిన వాక్యాన్ని ఎర్రర్‌గా ప్రకటించి తిరస్కరిస్తుంది. నియమానికి లోబడి ఉన్నా అనుమానం కలిగించే వాక్యాన్ని అంగీకరిస్తూనే వార్నింగ్, అంటే హెచ్చరిక, ఇస్తుంది. మొదటిది నిర్ణయం కాగా రెండవది భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం చెప్పే సంశయం. ఒకే వస్తువులో పరస్పర విరుద్ధ ధర్మాలు తోచే జ్ఞానమే సంశయమని నిర్వచించిన అన్నంభట్టు, తర్కసంగ్రహంలో ఎదుట ఉన్నది మోడా, మనిషా అన్న ఉదాహరణ ఇచ్చాడు. సి భాషలో ఇఫ్ షరతులో రెండు సమాన చిహ్నాలకు బదులు ఒకటే పడితే, రెండు విలువలను పోల్చవలసిన చోట ఒక విలువను మరొకదానిలో నింపడం జరుగుతుంది; అది చేతి పొరపాటో, కావాలని చేసినదో అక్షరాలను బట్టి తేలదు. అందుకే జిసిసి కంపైలర్ డబ్ల్యూ-ఆల్ ఆప్షన్ కింద హెచ్చరిస్తుంది. అదనంగా మరో జత కుండలీకరణాలు పెడితే, అది రాసినవారి ఉద్దేశమేనని గ్రహించి ఊరుకుంటుంది.

న్యాయసూత్రాలు సంశయం వెనువెంటనే ప్రయోజనాన్ని పేర్కొన్నాయి. ప్రయోజనం లేని సంశయం కాకదంత పరీక్షే, అంటే కాకికి పళ్ళున్నాయా అని వెతకడమే. అలాగని మౌనమూ నిరపాయకరం కాదు. ఆపిల్ భద్రతా కోడ్‌లో గోటూ ఫెయిల్ అనే పంక్తి రెండుసార్లు పడి, దాని కింది తనిఖీ ఎన్నడూ జరగని సంగతి 2014లో బయటపడింది. పంక్తుల అమరిక చూపులకు ఒకటి, అర్థానికి మరొకటిగా ఉంటే హెచ్చరించే పద్ధతిని జిసిసి 2016లో డబ్ల్యూ-ఆల్‌లో చేర్చింది.

హెచ్చరిక లేకపోవడం కన్నా, ఉన్న హెచ్చరికను ఎలాగో ఒకలా మాన్పే ప్రమాదమే లోతైనది. విలువ నింపని మెమొరీని వాడుతున్నారని వాల్‌గ్రైండ్ అనే తనిఖీ పరికరం చేసిన హెచ్చరిక అబద్ధం కాదు. కానీ దానిని మాన్పడానికి 2006లో డెబియన్ అనే లినక్స్ పంపిణీ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో తొలగించిన పంక్తులతో పాటు యాదృచ్ఛికతకు ఆధారమూ పోయి, ఇంచుమించు ప్రాసెస్ సంఖ్య ఒక్కటే మిగిలింది. 2008 మే వరకు అక్కడ పుట్టిన రహస్య తాళంచెవులు ఊహించదగినవయ్యాయి. సంశయం తీరలేదు, దాని నోరు మాత్రమే మూతపడింది.

వాడని చలరాశిని సైతం ఎర్రర్‌గానే చూసే గో భాషా కంపైలర్‌లో హెచ్చరికలే లేవు. అది నిజాయితీగల మార్గమే గాని, పరీక్ష కోసం ఒక పంక్తిని తాత్కాలికంగా పక్కన పెట్టినవారిని కూడా (ఆ పని చేయని ప్రోగ్రామర్ అరుదు) దోషులుగా నిలబెడుతుంది. కుండలీకరణాల వలె రాసినవారు తమ ఉద్దేశాన్ని కోడ్‌లోనే చెప్పుకునే దారి చూపలేని హెచ్చరికను కంపైలర్‌లో ఉంచరాదు. దానిని స్టీఫెన్ జాన్సన్ బెల్ ల్యాబ్స్‌లో రాసిన లింట్ వంటి ప్రత్యేక పరికరాలకు వదలడమే న్యాయం.