పాత ట్రాక్టరుకు ఇంకొక సంవత్సరమా?



మనలో చాలామందికి ఊరిలో కొద్దోగొప్పో పొలముంది. కొందరి ఇంటి ముందు ఒక పాత ట్రాక్టరు కూడా ఉంది. దాన్ని నడిపేది తమ్ముడో బావగారో, ఖర్చు పంపేది మీరు. కువైట్‌లో శుక్రవారం ఆరాధన అయ్యాక ఫోన్ చేసినా, డాలస్ నుండి ఆదివారం రాత్రి చేసినా, ఒకరోజు ఈ మాట వినవలసి వస్తుంది: "అన్నయ్యా, ఇంజిన్ బోరుకొచ్చింది. చేయించమంటావా, అమ్మేయమంటావా?"

ఇది డబ్బు లెక్క ఒక్కటే అనుకోకండి. మన చేతికి అప్పగించబడినదాన్ని ఎంతవరకు నిలబెట్టాలి, ఎప్పుడు వదిలిపెట్టాలి అన్నది ఇందులో ఉన్న అసలు ప్రశ్న.

మొదట రోగమేమిటో తెలుసుకోండి. "పొగ వస్తోంది" అన్న ఒక్క మాట మీద తీర్పు చెప్పకండి. నల్ల పొగ అయితే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువవుతోంది. ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేసి నాజిళ్ళు చూపిస్తే అంతటితో పోవచ్చు. నీలం పొగ అయితే ఇంజిన్ ఆయిల్ మండుతోంది, రింగులు, లైనర్లు అరిగి ఉండవచ్చు. ఆయిల్ పాలు కలిపిన టీలా మారితే అందులో నీళ్ళు కలిసినట్టే. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. రింగులు అరిగితే ఆ నొక్కుడు తగ్గిపోయి, పొద్దున్నే బండి స్టార్ట్ కాదు. కాబట్టి ఇంజిన్ విప్పకముందే కంప్రెషన్ పరీక్ష చేయించమనండి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

తరువాత కూర్చుని లెక్క వేయండి. గోపురం కట్టదలచినవాడు ముందుగా ఖర్చు చూసుకోవాలని ప్రభువు చెప్పిన సంగతి లూకా సువార్త 14వ అధ్యాయంలో మనకు తెలిసినదే. లైనర్లు, పిస్టన్లు, బేరింగులు, క్రాంక్ గ్రైండింగ్, పంపు, కూలి, అన్నీ మెకానిక్ చేత కాగితం మీద రాయించండి. గేరు బాక్సు, హైడ్రాలిక్, టైర్లు ఎలా ఉన్నాయో కూడా అడగండి. అవి బాగుంటే ఇంజిన్ చేయించడంలో అర్థముంది. బ్లాకు పగిలినా, క్రాంక్‌ను ఇదివరకే చివరి సైజు దాకా గ్రైండ్ చేసి ఉన్నా ఆగి ఆలోచించండి. "నిరుడే నలభై వేలు పెట్టాం కదా" అన్న మాటను లెక్కలోకి రానివ్వకండి. చేయించినా, అమ్మినా ఆ నలభై వేలు తిరిగి రావు.

కొత్తది కొనడమే తెలివైన పని అని కూడా వెంటనే అనుకోవద్దు. మనం ఉంటున్న చాలా దేశాల్లో బాగుచేసే కూలి ఖరీదు ఎక్కువ గనుక, పాడైనదాన్ని పారేయడం అలవాటైపోయింది. ఊరిలో సంగతి అది కాదు. పైగా కొత్త ట్రాక్టరుకు అప్పు చేస్తే వాయిదా కట్టేదెవరు? మీ ఉద్యోగం పోతే ఆ భారం తమ్ముడి మీద పడదా? రెండు మూడు ఎకరాలే అయితే దుక్కికీ దమ్ముకీ అద్దెకు పిలిపించుకోవడం మేలు కావచ్చు. అయితే వాన పడిన వారం ఊరందరికీ ట్రాక్టరు ఒకేసారి కావాలి. మీ తమ్ముడు దానితో నలుగురి పొలాలు కిరాయికి దున్ని ఇల్లు గడుపుతుంటే లెక్క మళ్ళీ మారుతుంది. అందుకే ఆ సీటు మీద ఎండలో కూర్చునేవాడి మాట ముందు వినండి. డబ్బు పంపుతున్నామని తీర్పు కూడా మనమే చెప్పాలని ఎక్కడా లేదు.

"అది నాన్నగారు కొన్నది" అన్న మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆ బాధ నిజమైనదే. కాని ఎంతో ప్రేమగా పెంచిన ఎద్దులను అమ్మి ట్రాక్టరు కొన్న తండ్రులు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. కుటుంబం కోసం ఇష్టమైనదాన్ని వదులుకోవడం వారే మనకు చూపించారు. వారి మీద గౌరవం వేరు, ఇనుము మీద మమకారం వేరు.

అమ్మాలనే నిర్ణయిస్తే ఒక శోధన ఎదురవుతుంది. చిక్కటి ఆయిల్ పోసి నాలుగు రోజులు పొగ కనబడకుండా చేయవచ్చని ఎవరో ఒకరు చెబుతారు. కొనేవాడు కూడా ఒక చిన్న రైతే, బహుశా వడ్డీకి తెచ్చిన డబ్బుతో వస్తాడు. లోపం చెప్పి తక్కువ ధరకు అమ్మండి. తగ్గిన ఆ కొద్ది సొమ్మును నష్టమనుకోకండి, మీ మాటకున్న విలువ అది.

లూకా సువార్త 13వ అధ్యాయంలోని అంజూరపు చెట్టును జ్ఞాపకం చేసుకోండి. మూడేళ్ళుగా పండు లేని చెట్టుకు తోటమాలి ఇంకొక్క సంవత్సరం అడిగాడు. ఊరకే అడగలేదు, చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానన్నాడు. ఆ తరువాత కూడా ఫలించకపోతే నరికివేయడానికి ఒప్పుకున్నాడు. అంటే కనికరం చూపాడు, శ్రమకు సిద్ధపడ్డాడు, గడువు కూడా పెట్టాడు. గడువు లేని కనికరం ఇంటిని అప్పులపాలు చేస్తుంది. శ్రమపడకుండానే గొడ్డలి ఎత్తడం నమ్మకమైన గృహనిర్వాహకుని పని కాదు.

కాబట్టి బాగుచేయించాలనుకుంటే ఇంత మొత్తం, ఇన్ని పంటకాలాలు అని ఇప్పుడే తమ్ముడితో కలిసి అనుకోండి. ఆ హద్దు దాటితే సమాధానంతో వదిలేయండి. ఏది నిర్ణయించినా ట్రాక్టరు కోసం అన్నదమ్ముల మధ్య మాట మాత్రం తెగనివ్వకండి. ఇంజిన్‌ను బాగుచేసే మెకానిక్ దొరుకుతాడు గాని, దాన్ని బాగుచేసేవాడు దొరకడం కష్టం.