భూమి, విద్య, పూర్వకర్మము

విద్య పంచినకొలది పెరుగుననియు, భూమి పంచినకొలది తరుగుననియు మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. కాని ఆ పెరిగెడు ధనము ఈ తరిగెడు ధనము నాశ్రయించియే నిలుచునని వారెరుగనిది కాదు. ఎరుగనిచో పూర్వరాజులు వేదాధ్యయనపరులకు అగ్రహారములను ఏల ఒసగుదురు? గోదావరీతీరమున మంథని, ధర్మపురి పండితక్షేత్రములై వెలసెనని గర్వించు మనము, నాగలి పట్టక పుస్తకము పట్టుటకు వలసిన తీరిక ఏ పొలమునుండి వచ్చెనో, ఆ పొలము నెవరు దున్నిరో కూడ విచారింపవలెను.

విద్యకు అధికారమనగా శమదమాది సంపత్తియని వేదాంతులు వ్యాఖ్యానించిరి. లోకము మాత్రము దానిని పుట్టుకకు ముడివేసి, చదువురాని కూలివానిని చూచి, వాని పూర్వకర్మ మిట్లున్నదని తీర్పు చెప్పినది. నిజాము కాలమున కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో దొరవద్ద జీతమున్న భగేలా బ్రదుకు చూడుడు. పెండ్లికో చావుకో తెచ్చిన అప్పుకై తండ్రి కాగితముపై నిశాని వేయును. అందేమి వ్రాసియున్నదో అతడెరుగడు. అప్పు తీరలేదని దొర యన్నంతకాలము అది తీరనట్లే. బడియీడు వచ్చిన కొడుకు పసులవెంట పోవును. ఇందు పూర్వజన్మ మెక్కడ? కనబడునది కాగితము, దానిని చదువగలవాని భూమి.

ఈ కర్మవాదమునకు ప్రత్యుత్తరము మంచిర్యాల చెంతనున్న శ్రీరాంపూరు బొగ్గుబావులలో దొరకును. గుంటెడు భూమిలేనివారెందరో ఊళ్లు విడిచివచ్చి, బావిలోనికి దిగి, బొగ్గెత్తు తట్ట, చెమ్మసు పట్టిరి. నెలజీతము దొర దయ గాక సింగరేణి సంస్థ లెక్కయైన పిమ్మట, వారి బిడ్డలు బడికి పోయిరి. అనధికారులన్న వంశములనుండియే ఉపాధ్యాయులు, ఇంజనీర్లు వెలువడిరి. ఒక తరములో జన్మాంతర సంస్కారములు మారునా? మారినది జీవనాధారమే.

కావున వేల ఎకరములు తనయొద్ద నుంచుకొని, ఊరికొక బడి కట్టించి విద్యాదానఫలము గోరువాని దానము అసంపూర్ణమని నా నిశ్చయము. నాటి కరీంనగరు జిల్లా వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా 1971లో సర్వేలున గురుకుల విద్యాలయము వెలసెను. భూపరిమితికై పట్టుపట్టినదియు ఆయనయే. అవి వేర్వేరు ధర్మములని నేను తలపను. భూపరిమితి చట్టము 1973లో వచ్చెను గాని, మిగులుభూములలో పేదలకు చేరినది స్వల్పము. గురుకులములను కొనియాడు పాఠకులు ఆ భూములేమయ్యెనని కూడ అడుగవలెను.