తీసుకున్న బంటు

2025 జూలై 26న జార్జియాలోని బతూమిలో మహిళల చదరంగ ప్రపంచ కప్ ఫైనల్ తొలి గేమ్ 41 ఎత్తుల్లో డ్రా అయింది. తెల్ల పావులు 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్‌వి, నల్లవి గుడివాడలో పుట్టిన 38 ఏళ్ల కోనేరు హంపివి. ఓపెనింగ్ క్వీన్స్ గాంబిట్ యాక్సెప్టెడ్.

ఇందులో తెలుపు సి4లో ఒక బంటును ఎరగా పెడుతుంది, నలుపు దాన్ని చంపుతుంది. ఊరికే దొరికిన ఆ బంటును అట్టిపెట్టుకోవాలని చూస్తేనే చిక్కు. తెలుపు ఇ3 ఆడాక నలుపు బి5తో కాపలా పెడితే, ఎ4 ఆ కాపలాను కదిలిస్తుంది. సి6తో దన్ను ఇచ్చినా ఫలితం ఉండదు. బంట్ల మార్పిడి తర్వాత తెల్ల మంత్రి ఎఫ్3కి వచ్చి మూలనున్న ఏనుగు మీద పడుతుంది. కనీసం ఒక గుర్రమో శకటో పోక తప్పదు. అందుకే తెలిసినవాళ్లు బంటును దాచుకోరు. దాన్ని తిరిగి గెలవడానికి తెలుపు ఖర్చుపెట్టే ఎత్తుల్లో తమ బలగాన్ని సర్దుకుని, సి5తో కేంద్రాన్ని ఢీకొంటారు. దీన్ని త్యాగాల ఓపెనింగ్ అనడం అతిశయోక్తే.

ఈ తొలి ఎత్తులు నిజానికి ఆడుతున్నవాళ్లవి కావు; తరాలుగా ఆడి తేల్చినవి, ఇప్పుడు కంప్యూటర్లు సరిచూసినవి. విశాఖ లోపలి రేవు నుంచి బయలుదేరే ఓడను డాల్ఫిన్స్ నోస్ పక్క ఇరుకు కాలువ దాటించేదాకా రేవు పైలట్ వెంట ఉంటాడు. ఆ తర్వాత భారమంతా కెప్టెన్‌దే. చదరంగంలోనూ అంతే, డ్రాను తూకం వేయాల్సింది పైలట్ దిగిన చోటు నుంచి.

పట్టుమని పదిహేను ఎత్తులైనా ఆడకుండా చేతులు కలిపే డ్రాలూ ఉన్నాయి, వాటిని సమర్థించడం కష్టం. 2005లో సోఫియా టోర్నీ ఆటగాళ్లు తమలో తాము డ్రాకు ఒప్పుకోకూడదని నియమం పెట్టింది అందుకే. 41 ఎత్తుల పోరును ఆ లెక్కలో వేయడం అన్యాయం.

చెకర్స్‌లో ఇద్దరూ తప్పు చేయకపోతే డ్రాయేనని 2007లో కంప్యూటర్‌తో రుజువైంది. చదరంగానికి అలాంటి రుజువు లేదు, అయినా చాలామంది గ్రాండ్‌మాస్టర్ల నమ్మకం అదే. అది నిజమైతే కారణం అడగాల్సింది డ్రాను కాదు, గెలుపును. గెలుపున్న ప్రతి గేమ్‌లోనూ ఎవరో ఎక్కడో తప్పటడుగు వేసి ఉండాలి.

ఇద్దరికీ దక్కిన అర పాయింటు కూడా ఒకే విలువది కాదు. రెండు గేమ్‌ల ఫైనల్లో నల్ల పావులతో నిలిచిన హంపికి మర్నాడు తెల్ల పావులు చేతికొస్తాయి. అయితే ఆ గేమ్ కూడా 34 ఎత్తుల్లో డ్రా అయింది. 28న సమయం కుదించి ఆడిన ర్యాపిడ్‌లో మొదటిదీ సమమే. రెండోదాంట్లో తప్పు జరిగింది తెల్ల పావుల వైపు, కప్పు దివ్యది.