మూగజీవికి చేయు కాయకము

పదవ తరగతి ముగించిన పిల్లవాడు గాని, బాలిక గాని పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేండ్ల డిప్లొమాకు చేరెదనని చెప్పినప్పుడు మన కుటుంబములలో పెద్దల నోట ఒక శంక వెలువడుట కద్దు. పేడలో, నెత్తురులో, మాయలో చేయి పెట్టవలసిన ఉద్యోగము మన ఇంటికి తగునా? కొందరు మరికొంత ముందునకు పోయి, నందీశ్వరునికి మ్రొక్కు ఇంటివాడు కోడెదూడకు విత్తు కొట్టుటయా అని అడుగుదురు.

మొదటి శంకకు ఎక్కువ మాటలు అక్కరలేదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు తోళ్లు పదును చేసిన కక్కయ్య, బట్టలుతికిన మాచయ్య, పడవ నడిపిన చౌడయ్య, ఆవులను కాచిన తురుగాహి రామణ్ణ శరణుల పంక్తిలో సమానముగా కూర్చుండినవారే. పురుటికి, నెత్తురునకు మైల అంటగట్టుటను ఆ మహనీయులు అంగీకరింపలేదు. ఇన్ని శతాబ్దముల పిదప మాయ ముట్టిన చేయి మైలపడునా అని మనమే అడుగుట విచిత్రముగా ఉన్నది. కడుగుకొనుట మాత్రము తప్పదు. ఈసుకుపోయిన ఆవు మాయనుండి బ్రుసెల్లోసిస్ వంటి వ్యాధి మనుష్యునికి సోకగలదు గనుక చేతికి తొడుగు ఉండవలెను. ఇది ఆరోగ్యమునకు సంబంధించిన మాటయే గాని ఆచారమునకు సంబంధించినది కాదు.

అసలు ప్రశ్న వేరొకటి కలదు. దానిని ఎవరును అడుగుట లేదు. నేతగాని బట్టను కొన్నవాడు కట్టి చూచును. బాగుండనిచో మరల ఆ గడప త్రొక్కడు. వంటవాని చేతి గుణము తిన్నవాని నాలుకకు తెలియును. పశువైద్య సహాయకుని పని అట్టిది కాదు. సేవ పొందునది ఒకరు, రుసుము చెల్లించునది ఇంకొకరు. సేవ పొందిన జీవికి నోరు లేదు. చెల్లించిన యజమానికి, జరిగినది మంచిదో చెడ్డదో ఆ పూట తెలియదు. పెక్కుమార్లు ఎప్పటికిని తెలియదు. ఇట్టి పనిలో కాయకశుద్ధి దేనిమీద నిలుచును?

గాలికుంటు టీకానే చూతము. ఈ వ్యాధి నిర్మూలనకై 2019లో జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. టీకావలన కలుగు రక్షణ సుమారు ఆరు మాసములే నిలుచును గనుక ఏటికి రెండు మారులు ఊరూర వేయవలెను. ఆ మందు తయారైన చోటు మొదలు పశువు మెడ వరకు 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉండి తీరవలెను. వేడెక్కినను చెడును, గడ్డకట్టినను చెడును. చెడిన మందును చూచి సామాన్యుడు గుర్తింపలేడు. ఎండకాలమున మంచుపెట్టెలోని మంచు దారిలో కరగిపోయినదనుకొనుడు. ఊరి చావడివద్ద పశువులు తోలుకొని వచ్చి రైతులు నిలుచుండిరి. పట్టికలో నింపవలసిన అంకె ఒకటి ఉన్నది. ఆ సీసాతోనే సూది వేసినచో అందరును సంతోషింతురు, అంకె నిండును, పశువులు ఇండ్లకు పోవును. నాలుగు నెలల పిదప ఏ కొట్టములోనో నోట నురుగు, గిట్టల నడుమ పుండ్లు కనుపించినప్పుడు, ‘టీకా వేయించితిమి గాని మా ఖర్మ ఇట్లున్నది’ అని రైతు అనుకొనును. ఆ సీసాను ఎవరును జ్ఞప్తికి తెచ్చుకొనరు.

ఆ ఎండలో నిలిచి ‘నేడు వేయను, మందు చెడినది, రేపు రండు’ అని చెప్పగలుగుటయే ఈ వృత్తిలోని కఠినమైన పని అని నా అభిప్రాయము. పొగరుబోతు గిత్తను పడవేసి కట్టుట దీనికంటె సులభము. ఆ మాట చెప్పినవానికి తిట్లు తప్పవు. పశువులను తోలుకొని వచ్చుటకు కూలి మానుకొన్నవారు ఆ గుంపులో ఉందురు. వారి కోపము న్యాయమైనదే. అయినను ఆ తిట్లు తినవలసినదే.

ఇంకొక చిక్కు పాలకు సంబంధించినది. పొదుగువాపు వచ్చిన ఆవుకు డాక్టరుగారు వ్రాసిన సూక్ష్మజీవినాశక ఔషధమును సహాయకుడు వేయును. మందు శరీరమునుండి పోవువరకు, సీసాపై వ్రాసిన గడువు తీరువరకు, ఆ పాలు అమ్మరాదు. రెండు పాడి పశువులమీద బ్రతుకు ఇంటికి ఆ నాలుగైదు దినముల పాలు నాలుగైదు దినముల అన్నమే. కొందరు సహాయకులు సూది వేసి, సంచి సర్దుకొనుచు, ‘పాలు కేంద్రమునకు పోయకమ్మా’ అని మెల్లగా అని వెడలిపోదురు. చెప్పితిమను తృప్తి వారికి మిగులును. ఆమె పోయుననియు వారికి తెలియును. దీనిని సత్యము పలుకుట అందుమా? సూది ఎక్కించుటకు మునుపే, ఇల్లాలిని ఎదుట కూర్చుండబెట్టి, ఎన్ని పూటల పాలు పోవునో లెక్కచెప్పి, ఆ పాలు త్రాగు పసిబిడ్డకు కలుగు కీడేమో, రేపు అదే మందు మనుష్యులకు పనిచేయకుండు కాలము ఎట్లు వచ్చునో వివరింపవలెను. ఆ పిమ్మట ఆమె నిర్ణయము ఆమెది. ముందు చెప్పినది సలహా. తరువాత గొణిగినది తనను తాను కాపాడుకొనుట మాత్రమే. దయగలవారు కూడ ఇచ్చట తడబడుదురు; బీదరాలి ముఖము చూచి నోరు రాదు. ఆ పాలు త్రాగువారి ముఖములు ఎదుట లేవు గదా!

కొట్టము దాటి ఎంత దూరము పోవునో తెలియని పనులును ఉన్నవి. నొప్పికి, జ్వరమునకు పశువులకు వేయుచుండిన డైక్లోఫెనాక్ అను మందు ఇందుకు గొప్ప నిదర్శనము. ఆ మందు వేసిన కొలది దినములలో చచ్చిన పశువును తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చనిపోవుచున్నవని 2004లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. అప్పటికే మన దేశమున కొన్ని జాతుల రాబందులు నూటికి తొంబదియైదుకు మించి నశించినవి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించిరి. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను గూడ నిషేధించిరి. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయని మందు. సూది వేసిన చేతులలో ఏ ఒక్కదానికిని పక్షిని చంపు తలంపు లేదు. అజ్ఞానమున జరిగినది క్షమింపదగినదే. ఇప్పుడు తెలిసియు, చౌకయని మనుష్యుల మందుల దుకాణమునుండి తెచ్చి వేయువానిని గూర్చి ఆ మాట అనలేము.

ఇక కోడెదూడ మాట. ఈ శంక అడిగిన పెద్దలను నేను తేలికగా చూడను. బసవ శబ్దమే వృషభ శబ్దమునుండి వచ్చినది. బర్డిజో పరికరముతో వృషణముల నాళములను నొక్కుటవలన ఆ దూడకు కలుగు మేలు లేదు. మేలు మనది: నాగలికి, బండికి లొంగు ఎద్దు కావలెను, మేలుజాతి మందలో నాసిరకము విత్తనము కలియరాదు. జహీరాబాదు ప్రాంతమున దేవని పశువులను పెంచువారికి ఇది బాగుగా తెలియును. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము కూడ నియమిత రీతిని చేసిన ఈ పనిని క్రూరత్వముగా ఎంచదు. అయినను చట్టము విడిచిపెట్టినంత మాత్రమున బాధ బాధ కాకపోదు. దీనిని పశుసేవ అని పిలుచుట నాకు సమ్మతము కాదు. మన అవసరమునకై దానికి బాధ కలిగించుచున్నామని ఒప్పుకొన్నవాడు మాత్రమే ఆ బాధను తగ్గించు మార్గము వెదకును. డాక్టరును అడిగి తిమ్మిరి మందు వేయించును. లేత వయస్సులోనే చేయించును. ఈగలు ముసరు ఎండకాలమున వద్దనును. సేవయని పేరు పెట్టుకొన్నవానికి ఆ విచారము ఎందుకు కలుగును? రాయితో చితుకగొట్టిన పాత పద్ధతిని ఎరిగిన ముసలివారు ఇప్పటికిని కొన్ని ఊళ్లలో ఉన్నారు. ఆ పద్ధతి పోవుటకు కారణము, ఆ బాధను ఎవరో బాధగా చూచుటయే.

అన్నిటికంటె చిక్కైనది అర్ధరాత్రి వచ్చు పిలుపు. ఆవు ఈనలేక పడియున్నది. దూడ కాలు ఒకటే బయటికి వచ్చినది. డాక్టరు ఇరువది మైళ్ల దూరమున ఉన్నాడు. ఊరివారు సహాయకునే ‘డాక్టరుగారూ’ అని పిలుతురు. ఆ పిలుపు చెవికి ఇంపుగా ఉండును. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము వైద్యము చేయు అధికారము నమోదైన పశువైద్యునిదే. డిప్లొమా పొందినవారు అతని పర్యవేక్షణలో, ప్రభుత్వము అనుమతించిన చిన్న చికిత్సలు మాత్రమే చేయవచ్చును. కండ్లయెదుట జీవి విలవిలలాడుచుండగా చట్టము చూచుకొనుట దయాహీనత కాదా అని అడుగవచ్చును.

నాకు తోచినది చెప్పెదను. అట్టి వేళ దయయును, గొప్పయును ఒకే కండువా కప్పుకొని వచ్చును. ఏది ఏదో పోల్చుకొనుట కష్టము. నలుగురిని పిలిచి తాడు కట్టి లాగించుట చూపరులకు ధైర్యముగా కనబడును. తిరగబడిన దూడను సరిచేయక లాగినచో గర్భసంచి చినుగును, రెండు ప్రాణములును పోవును. సహాయకుడు చేయదగినవి ఉన్నవి: డాక్టరుకు ఫోను చేసి తాను చూచినది చూచినట్లు చెప్పుట, ఆయన చెప్పినంతవరకే చేయుట, వేడినీళ్లు, శుభ్రమైన తాళ్లు, వెలుతురు సిద్ధము చేయుట, లాగుటకు తొందరపడు బంధువులను ఆపుట. ఇది ఏమియు చేయకుండుట కాదు. చూచువారికి మాత్రము అట్లే కనుపించును. ఒక్కొక్కప్పుడు డాక్టరు వచ్చులోపల దూడ చచ్చును. అప్పుడు యజమాని, ‘చేతగాక చూచుచు కూర్చుండినాడు’ అనును. ఆ మాటకు అచ్చట సమాధానము లేదు.

తెల్లవారిన పిదప అతడు ఆ ఇంటికే మరల పోవలెను. మాయ పడినదా లేదా చూడవలెను. చేయి పెట్టి పెరికివేయుమని ఇంటివారు తొందరపెట్టుదురు, పెరుకరాదని మరల చెప్పవలెను. ఆవు మేత ముట్టినదో లేదో అడిగి, చెవులు పట్టి, జ్వరము చూచి, డాక్టరుకు కబురు చెప్పవలెను. ఆ పూట ఆ ఇంట మంచినీళ్లు ఇత్తురో ఇయ్యరో.